ఎర్రోడికి జత

కుక్కకు ఇంకో కుక్క తోడు కావాలా వద్దా తేల్చడానికి నేను మదనపల్లె నుంచి కుప్పం బయల్దేరాను అంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పట్టుపురుగుల షెడ్లు తిరుగుతూ తేమ ఎంత, వేడి ఎంత, ఆకు ముదురా లేతా అని రాసుకుంటూ బతికినవాణ్ణి. రిటైరయ్యాక చూడటానికి షెడ్లు లేవు కానీ రాసే అలవాటు పోలేదు. పాలవాడు ఆలస్యంగా వచ్చినా, పెరట్లో కరివేపాకు చెట్టు చిగురేసినా నా డైరీలో పడాల్సిందే. అందుకే కాబోలు, కుప్పంలో ఉంటున్న మా అమ్మాయి శైలజ తన ఇంటి తగువుకు నన్ను న్యాయమూర్తిగా ఎంచుకుంది. "నాయనా, కోకో ఒంటిగా ఉండలేకపోతాండాది. మేమిద్దరం డ్యూటీలకు పోయినాక ఒగటే ఏడుపంట. ఇంకో కుక్కను తెచ్చి జత చేద్దామనుకుంటాండాను. ఆయనేమో, ఒగదాంతోనే వేగలేకుండాం, రెండోది యాల అంటాండాడు. నువ్వొచ్చి ఒగ దినం కూర్చోని సూసి చెప్పు. నువ్వేం చెప్తే అదే" అని ఫోన్ చేసింది. మా ఆవిడ సుశీల టిఫిన్ డబ్బా సంచిలో పెడుతూ, "బతుకంతా పురుగులకు జాతకాలు రాసినారు, ఇప్పుడు కుక్కకు రాసేకి పోతాండారా?" అంది. గడప దాటేటప్పుడు మాత్రం గొంతు తగ్గించి, "ఏం చెప్పినా మెల్లిగా చెప్పండి. ఆ పిల్లకు కోకో అంటే ప్రాణం" అంది.

మదనపల్లె బస్టాండు నుంచి బయటపడి, మార్కెట్ యార్డు వైపు వరసకట్టిన టమాటా లారీలను తప్పించుకుని బస్సు వేగం అందుకునేసరికి ఎండెక్కింది. పుంగనూరులో కాసేపు ఆగింది. కిటికీ పక్కకు ఒక మోపెడ్ వచ్చి నిలబడింది. దాని వెనక కట్టిన మోపు మల్బరీ కొమ్మలది. అప్పుడే కోసిన ఆకు, తెగిన చోట ఇంకా పాలు ఆరలేదు. ఆ వాసన పచ్చిగడ్డి వాసన కాదు, పాలకూర వాసన కాదు. కొంచెం తీపి, కొంచెం వగరు, తడిగుడ్డలో చుట్టిపెట్టిన చల్లదనం. ఉద్యోగంలో ఆ వాసన రోజూ పీల్చాను కానీ అది కొలతల మధ్య పీల్చిన వాసన. ఆ రోజు బస్సులో, చేతిలో ఏ పనీ లేకుండా కూర్చున్నప్పుడు, అది నన్ను నేరుగా పుంగనూరు పక్కనే ఉన్న మా పల్లెకు, మా పురుగుల ఇంటి గడప దగ్గరికి, ఆ గడప మీద గడ్డం ఆనించి పడుకున్న ఎర్రోడి దగ్గరికి తీసుకుపోయింది. చిన్నప్పటికి నా దగ్గర డైరీలు లేవు. ఇక్కడ రాసేదానికి నా ముక్కు, నా చెవులే ఆధారం.

మా ఇల్లు రెండు భాగాలు. ముందున్నది మేముండే ఇల్లు. వెనక మట్టిగోడలతో పొడుగ్గా ఉన్నది పురుగుల ఇల్లు. నిజం చెప్పాలంటే మంచి ఇల్లు పురుగులది, మిగిలింది మాది. వాటికి ఎండ తగలకుండా వేపచెట్ల నీడ, గాలికి ఎత్తులో కిటికీలు, కిటికీలకు గోనెపట్టాలు. వేసవిలో ఆ పట్టాలను తడపడం నా పని. లోపల వెదురు తట్టలు అంతస్తులు అంతస్తులుగా ఉండేవి. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల చిప్పలు. లోపలికి పోవాలంటే కాళ్లు కడుక్కోవాలి, చేతులు కడుక్కోవాలి. బీడీ తాగినవాడు ఎంత దగ్గరి చుట్టమైనా బయటే. పురుగు పెద్దదైందంటే మా ఇంట్లో తిరగమాత కూడా బంద్. ఆవాల చిటపట, ఎండుమిరపకాయ ఘాటు పురుగుకు పడదని మా అవ్వ నమ్మకం. ఆ రోజుల్లో సంగటి ముద్ద, పచ్చి ఉల్లిపాయ వేసి నూరిన వేరుశనగ పచ్చడి, మా మాటలో చెనిక్కాయల ఊరిబిండి, అంతే. మా నాయన విసుక్కుంటే, "పురుగు తిన్యాకనే మనిసి తినేది. అది తినకపోతే నువ్వు తినేకి ఏముంటాది?" అనేది అవ్వ. పురుగుల విషయంలో ఆ ఇంటికి ఆమే అధికారి. దిష్టి తగులుతుందని, పురుగులు బాగున్నాయని కూడా ఎవరూ గట్టిగా అనకూడదు. "ఏమో, ఉండాయి" అనాలి, అదీ మొహం వేలాడేసుకుని.

ఈ రోజుల్లో పురుగుల షెడ్డు పక్కన నిలబడితే ఫ్యాన్లు, మోటార్లు వినిపిస్తాయి. అప్పుడు పురుగే వినిపించేది. గుడ్డు పగిలి బయటికొచ్చినప్పుడు నలుసంత ఉంటుంది, దాని తిండికి చప్పుడే ఉండదు. పెరిగే కొద్దీ నాలుగుసార్లు తిండి మానేసి తల పైకెత్తి నిద్రపోయినట్టు ఉండిపోతుంది. దాన్ని మావైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక ఇక తిండే తిండి. కొమ్మలకు కొమ్మలు వేసినా చాలదు. అన్ని వేల నోళ్లు ఒక్కసారి ఆకు కొరుకుతుంటే ఆ ఇల్లంతా సన్నటి తుంపర పడుతున్నట్టు చప్పుడు వచ్చేది. సర్ర్ర్... అని, ఆగకుండా, ఎక్కడా పెరగకుండా, తరగకుండా. కొత్తగా వచ్చిన చుట్టాలు వానొచ్చిందనుకుని ఆరేసిన బట్టలు తీయడానికి పరిగెత్తేవాళ్లు. మేం నవ్వుకునేవాళ్లం.

ఆ చప్పుడుకు కాపలా ఎర్రోడు. ఇటుకపొడి రంగు ఊరకుక్క. ఒక చెవి నిలబడి, ఒక చెవి మడిచినట్టు ఉండేవాడు. పురుగులను ఎలుకలు తినేస్తాయన్న భయంతో పిల్లగా ఉన్నప్పుడే మా నాయన తెచ్చి పురుగుల ఇంటి వాకిట్లో కట్టాడు. తర్వాత తాడు విప్పేసినా వాడు అక్కణ్ణుంచి కదల్లేదు. లోపలికి ప్రవేశం లేదు, గడప వరకే. ఆ గడప మీద గడ్డం పెట్టి, కళ్లు సగం మూసి, నిలబడ్డ చెవిని తలుపు సందుకు తిప్పి పడుకునేవాడు. పొద్దున నాతో బడి దారిలో కల్వర్టు మోరీ దాకా వచ్చి, నేను తిరిగి చూసేసరికి వెనక్కి పరిగెత్తేవాడు, డ్యూటీకి ఆలస్యమైనట్టు. నాకంటూ తమ్ముళ్లు, చెల్లెళ్లు లేరు. చిన్నప్పుడు నేను చెప్పుకున్న కబుర్లన్నీ వాడి మడత చెవిలోకే పోయాయి. నిలబడ్డ చెవి పురుగులకు కేటాయింపు కనుక నాకు మడత చెవి మిగిలింది.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. మా బావి అడుక్కు పోయింది. మల్బరీ తోట చిగురు వేయలేదు. ఉన్న ఆకుతో ఒక పంట కష్టంగా గట్టెక్కించి, పట్టుగూళ్లు మదనపల్లెలో అమ్మేసి వచ్చాక మా నాయన తట్టలన్నీ కడిగి, సున్నం కొట్టి, పురుగుల ఇంటికి తాళం వేశాడు. "ఆకు లేంది గుడ్లు తెచ్చి ఏం చేసేది? వానొచ్చినాక సూద్దాం" అన్నాడు. ఎప్పుడూ పంటకూ పంటకూ మధ్య కొన్నాళ్ల విరామం ఉండేది. ఈసారి అది సాగుతూ పోయింది. ఎర్రోడు మొదట్లో గడప దగ్గరే పడుకున్నాడు. తర్వాత తలుపు గీకడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత మూలగడం. చివరికి సంగటి ముద్ద ముందు పెడితే వాసన చూసి మొహం పక్కకు తిప్పుకోవడం. పక్కటెముకలు బయటపడ్డాయి. సాయంత్రం పూట ఆకాశం వైపు మోర ఎత్తి ఏడుస్తుంటే వీధిలో వాళ్లు కీడు అన్నారు. అవ్వ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి దిష్టి తీసింది. అమ్మ మజ్జిగలో పసుపు కలిపి తాగించబోతే వాడు ఒక్కసారి నాకి, మర్యాదకోసం అన్నట్టు తోక ఆడించి, వెళ్లిపోయాడు.

మా ఇంట్లో పెద్దల సమావేశం జరిగింది. "వానికి ఏ రోగమూ లేదు. ఒంటిగా ఉండాడు. జత కావల్ల" అని మా నాయన తేల్చాడు. ఆయన లెక్క తప్పని ఎవరం అనగలం? ఎద్దును జత లేకుండా కట్టేయరు, కోడి ఒంటరిగా ఉంటే మేత మానేసి దిగులు పడుతుంది, మనిషి సంగతి చెప్పక్కర్లేదు. కుక్కకు మాత్రం వేరే న్యాయమా? కురబలకోట వైపు నుంచి గొర్రెల మందతో మా చేన్లలోకి వచ్చే రామప్పతో ఆయన అప్పటికే మాట్లాడి ఉన్నాడు. రామప్ప దగ్గర కుక్కలకు కొదవలేదు. "ఒగ పిల్లకుక్కను ఇస్తాడు. అమాస దాకా సూద్దాం. ఎర్రోడు తేరుకుంటే సరి. లేదంటే వీణ్ణే మందకు తోలిచ్చేస్తా. ఆడ జత కుక్కలుండాయి, గొర్రెలుండాయి, తిరిగేకి తావుండాది. బతుకుతాడు" అన్నాడు.

"వాణ్ణి ఇయ్యాకు నాయనా! నాకు వాడు కావల్ల" అని ఏడ్చాను. మా నాయన కోప్పడలేదు. నన్ను దగ్గరికి లాక్కుని ముక్కు తుడిచి అడిగాడు. "నీకు కావల్లనా, వానికి కావల్లనా? ముందు అది చెప్పు. నీకోసరమని వాణ్ణి ఎండగట్టి సంపుకుందామా?" అంత పెద్ద ప్రశ్న అంత చిన్నవాణ్ణి అడగడం న్యాయం కాదని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆ ప్రశ్న మంచిది. నాకు తర్వాత చాలాచోట్ల పనికొచ్చింది.

మరుసటి వారం రామప్ప భుజాన కంబళిలో చుట్టుకుని తెల్లటి మచ్చలున్న ఒక పిల్లకుక్కను తెచ్చాడు. "ఇదిగో, బొల్లి. దీని అమ్మ తోడేలును తరిమిన జాతి. రెండు దినాలు ఓర్సుకోండి, మూడోనాడు రెండూ ఒగే చట్టిలో తింటాయి. నేను సెప్తాండా కదా!" అని మీసం దువ్వి చెప్పాడు. మూడోనాడు రెండు ముద్దలూ బొల్లే తిన్నది. నాలుగోనాడూ అంతే. ఎర్రోడు దాన్ని తరమలేదు, కరవలేదు, పలకరించనూ లేదు. అది వచ్చి చెవి కొరికితే లేచి రెండు బారలు అవతల పడుకునేవాడు. అది తోక పట్టుకుని లాగితే, బంధువుల పిల్లవాడు అల్లరి చేస్తుంటే పెద్దమనిషి ఓర్చుకున్నట్టు ఓర్చుకునేవాడు. తన ముద్దా వాడి ముద్దా తిని బొల్లి గుమ్మడికాయలా తయారైంది. ఎర్రోడు ఇంకా చిక్కిపోయాడు. "తోడేలు జాతి అంట! దీన్ని సూస్తే తోడేలే నవ్వుతాది" అనేది మా అమ్మ. అమావాస్య దగ్గర పడుతోంది. నేను బడికి పోయినా మనసంతా పంచాంగం మీదే.

అమావాస్యకు ముందు ఒక మధ్యాహ్నం. ఉక్కపోతగా ఉంది. బడి లేదు. అవ్వ అరుగు మీద కూర్చుని కానుగ రెమ్మతో విసురుకుంటోంది. పురుగుల ఇంటి వెనక ఎండిన మల్బరీ కొమ్మలు, రాలిన ఆకూ పొయ్యిలోకని కుప్ప వేసి ఉన్నాయి. ఎవరూ అనుకోకుండా ఒక మబ్బు తునక వచ్చి సన్నగా తుంపర మొదలుపెట్టింది. అది నేలను కూడా సరిగా తడపలేదు. ఆ ఎండాకు కుప్ప మీద మాత్రం సర్ర్ర్... అని చప్పుడు. ఎక్కడో దిబ్బ మీద పడున్న ఎర్రోడు తుపాకీ పేలినట్టు లేచాడు. రెండు చెవులూ, ఆ మడత చెవితో సహా, నిలబడ్డాయి. ఒక్క పరుగున వచ్చి పురుగుల ఇంటి గడప మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. తోక నేలను టపటపా కొడుతోంది. తాళం వేసిన తలుపు వైపు చూస్తూ, ఊరు నుంచి మనవాళ్లు దిగినట్టు, గొంతులో చిన్న చిన్న శబ్దాలు. నేను, అవ్వ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అవ్వ చేతిలో కానుగ రెమ్మ ఆగిపోయింది. "ఓరి నీ తల పండ! వీనికి కుక్క గాదురా కావాల్సింది, పురుగులు!" అంది.

తుంపర ఆగింది. తోక ఆగింది. చెవి మడత పడింది. సాయంత్రం మా నాయన వచ్చాక ఈ సంగతి నేను ఆయాసపడుతూ చెబితే ఆయన నవ్వేశాడు. "పురుగుల కోసరం కుక్క దిగులు పడతాదా? కుక్కకు పురుగుతో ఏం సుట్టరికం?" అవ్వ ఆయనతో వాదించలేదు. ఆమె ఎప్పుడూ కొడుకుతో వాదించి గెలవాలని చూడలేదు, చేసి చూపించేది. లోపలికి పోయి వెదురు చేట తెచ్చింది. అందులో దోసెడు రాగులు పోసింది. పురుగుల ఇంటి గడప పక్కన కాళ్లు చాపుకుని కూర్చుని, చెరగలేదు, కొట్టలేదు. చేటను ఒక పక్కకు వంచి, మెల్లిగా ఇంకో పక్కకు వంచింది. రాగులు వెదురు అల్లిక మీద దొర్లుకుంటూ పోయి, దొర్లుకుంటూ వచ్చాయి. సర్ర్ర్... సర్ర్ర్... కళ్లు మూసుకుంటే మా పురుగులు నాలుగో జ్వరం లేచి తింటున్నట్టే ఉంది. ఎర్రోడు దిబ్బ మీంచి తల ఎత్తాడు. లేచాడు. వచ్చాడు. గడప మీద గడ్డం పెట్టాడు. అమ్మ సంగటి ముద్ద తెచ్చి మూతి పక్కన పెట్టింది. అవ్వ చేట ఆపకుండా కళ్లతోనే మమ్మల్ని దూరం జరగమంది. ఎర్రోడు కాసేపు విన్నాడు. తర్వాత పడుకున్నవాడు పడుకున్నట్టే మెడ చాచి, ఆ ముద్దలో సగం తిన్నాడు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మా నాయన కండువా తీసి మళ్లీ వేసుకున్నాడు, ఏమనాలో తెలీనప్పుడు ఆయన చేసే పని అది.

అమావాస్య నాటికి రామప్ప తాడు పట్టుకుని రానే వచ్చాడు. ఆయన వాకిట్లో అడుగుపెట్టేసరికి అవ్వ చేట ఊపుతోంది, గడప మీద ఎర్రోడు, పక్కన ఖాళీ చట్టి. రామప్ప, "ఏందమ్మో, కుక్కకు పిండివంటలకేమన్నా చెరుగుతాండావా?" అన్నాడు. "లేదప్పా, వానికి హరికథ సెప్తాండా" అంది అవ్వ. సంగతంతా విని రామప్ప తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని కడుపుబ్బ నవ్వాడు. మా నాయన వైపు నేను చూడలేక చూశాను. ఆయన ఎర్రోడి వీపు మీద చెయ్యి వేసి నిమిరి, "ఉండనీలే రామప్పా. వానికి ఈన్నే పనుండాది" అన్నాడు. ఆ మాట వినగానే నేను వీధి చివరిదాకా ఎందుకు పరిగెత్తానో, ఎందుకు తిరిగొచ్చానో నాకు తెలీదు. ఇక బొల్లినైనా తీసుకుపోతానని రామప్ప దాన్ని పైకెత్తబోయి, దించి, దాని పొట్ట చూసి తల అడ్డంగా ఊపాడు. "దీన్ని మందకు తీసకపోతే గొర్రెలే దీన్ని కాయల్ల. మీకాడే పెట్టుకోండప్పా." అట్లా రెండూ మిగిలాయి.

ఆ తర్వాత వానలు పడ్డాయి. తోట చిగురించింది. తాళం తీసి, తట్టలు ఎండబెట్టి, మా నాయన గుడ్లు తెచ్చాడు. పురుగు పెరిగి నాలుగో జ్వరం లేచిన రోజు అవ్వ నన్ను పిలిచి గడప వైపు చూపించింది. ఎర్రోడు ఎప్పటిలా గడ్డం ఆనించి పడుకున్నాడు. వాడి పక్కన, వాడి పక్కటెముకలకు ఆనుకుని, అదే గడప మీద అదే మోస్తరుగా గడ్డం పెట్టి బొల్లి. మొదటిసారి ఎర్రోడు పక్కకు జరగలేదు. ఇంకొంచెం తావు ఇచ్చాడు కూడా. అప్పటి నుంచి వాళ్లిద్దరూ ఒక చట్టిలోనే తిన్నారు, ఎలుక వెంట కలిసే పరిగెత్తారు, నాతో మోరీ దాకా ఇద్దరూ వచ్చారు. రామప్ప మళ్లీ మా ఊరు వచ్చినప్పుడు అది చూసి, "మూడు దినాలని నేను సెప్పలా?" అన్నాడు. ఎన్ని నెలల తర్వాతి మూడు దినాలో ఎవరూ అడగలేదు.

కుప్పంలో బస్సు దిగి శైలజ ఇంటికి చేరేసరికి ఇదంతా నా కళ్ల ముందే ఉంది. మా అల్లుడు మురళి నన్ను చూసి, సాక్షి దొరికినవాడిలా సంతోషపడ్డాడు. మరుసటి రోజు వాళ్లిద్దరూ డ్యూటీలకు పోయారు. పోయేముందు శైలజ కోకోను వెనక గదిలో పెట్టింది. ఆ గదికి ఏం తక్కువ లేదు. మెత్తటి పరుపు, ఫ్యాను, నీళ్లగిన్నె, బొమ్మ ఎముక, దిగులు పడకుండా సన్నగా పాటలు పెట్టిన టీవీ. "వీధిలో చప్పుళ్లకు భయపడతాదని వెనక పెట్టినాం నాయనా. తలుపు తియ్యాకు" అని చెప్పిపోయింది. నేను ఆ గది కిటికీ అవతల కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కోకో టీవీ వైపు చూడలేదు, ఎముక వైపూ చూడలేదు. తలుపు కింది సందులో ముక్కు పెట్టి పడుకుంది. కాసేపటికి ఏడుపు మొదలైంది. శైలజ చెప్పిన దానికంటే ఎక్కువే. నేను తలుపు తీశాను. అది నా కాళ్లు వాసన చూసి, నేరుగా ముందు వరండాకు పోయి గ్రిల్లు గేటు దగ్గర ఆగింది. సన్నటి సందుకు అటువైపు గడపలో మున్నీబీ అనే పెద్దావిడ గంపెడు చెనిక్కాయలు ముందు పెట్టుకుని వలుస్తోంది. కొడుకు బెల్లం ఉండలు చేసి అమ్ముతాడట. కాయ చిట్లే చప్పుడు, గింజ గిన్నెలో పడే చప్పుడు. టక్, టణ్. టక్, టణ్. కోకో గ్రిల్లు కింది గట్టు మీద గడ్డం ఆనించి పడుకుంది. ఆ పడుకోవడం చూసి నాకు నవ్వాగలేదు.

"క్యా కోకో, ఖానా హువా?" అని మున్నీబీ తిన్నావా అన్నట్టు అక్కణ్ణుంచే పలకరించి, నన్ను చూసి ముసుగు సర్దుకుంది. "మీరు శైలజ నాయనా? అయ్యా, ఇది దినామూ ఏడుస్తాది, నా గుండె పిండేస్తాది. అల్లా తోడు, నేనే గోడకు ఈపక్కనుంచి మాట్లాడతా దాంతో. దానికి ఇనపడదు. ఆ టీవీలో పాటలే ఇనపడతాయి." మధ్యాహ్నం దాకా ఆమె వలిచింది, కోకో విన్నది, నేను రాసుకున్నాను. ఏడుపు లేదు.

సాయంత్రం శైలజ వచ్చి గ్రిల్లు దగ్గర నిద్రపోతున్న కోకోను చూసి నిలబడిపోయింది. రెండో కుక్క సంగతి తనే ఎత్తింది. "ఐనా జత ఉంటే మంచిది కదా నాయనా?" నేను మా నాయన అడిగిన మాటే అడిగాను. "నీకు కావల్లనా, దానికి కావల్లనా?" ఆ పిల్ల కోకో పక్కన గట్టు మీద కూర్చుని, "ఆఫీసులో కూర్చుంటే దాన్ని జైల్లో పెట్టొచ్చినట్లే ఉంటాది. ఇంకోటి ఉంటే నాకు కొంచెం నిమ్మళంగా ఉంటాదని" అంది. ఆ నిజాయితీకి నాకు ముచ్చటేసింది. కుక్కకు కుక్క అక్కర్లేదని నేను తీర్పు చెప్పలేదు. ఎర్రోడూ బొల్లీ ఒకరి వీపు మీద ఒకరు తల పెట్టుకుని ముసలివాళ్లు కావడం చూసినవాణ్ణి, అట్లా ఎలా చెబుతాను? ముందు దానికి కూర్చోవడానికి ఒక గడప ఇవ్వు, వినడానికి ఏదో ఒక పని చప్పుడు ఇవ్వు, తర్వాత జత సంగతి చూద్దాం అన్నాను. మురళి ఆ సాయంత్రమే పరుపు మోసుకొచ్చి వరండాలో వేశాడు, శైలజ ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని.

మా చిన్నప్పుడు కుక్కకు తోడు కావాలా అనే ప్రశ్న అంత తొందరగా ఎవరికీ రాకపోవడానికి కారణం మా మంచితనం కాదు. ఇల్లు ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. ఎవరో ఒకరు దంచుతూ, చెరుగుతూ, ఆకు తరుగుతూ, తిట్టుకుంటూ ఉండేవాళ్లు. కుక్క కూడా ఆ చప్పుళ్లలో తన వాటా తీసుకునేది. ఇప్పుడు ఇంటికి తాళం పడుతుంది, పనులు మిక్సీలోకి పోయాయి, అది ఒక్క అరుపు అరిచి ఆగిపోతుంది. అప్పటి రోజులు మంచివని నేను అనను. మా అమ్మ భుజాలు ఆకుమోపులతోనే వంగాయి. శైలజ చక్కగా ఉద్యోగం చేసుకుంటోంది, అదే నాకు ఇష్టం. కాకపోతే ఆ మోపులతో పాటు ఆ చప్పుడు కూడా పోయింది. అది పోయిందని ముందుగా కనిపెట్టేది కుక్కలే.

నేను మదనపల్లె వచ్చేశాక రోజూ ఫోనులో శుభవార్తలే. నెల తిరిగాక ఒక ఉదయం శైలజ గొంతు మారింది. "నాయనా, మున్నీబీ ఆంటీ కూతురు కాన్పుకని బెంగుళూరు పోయింది. ఇప్పుడిప్పుడే రాదంట. కోకో నిన్నటి నుంచి తిండి ముట్టలా."

"ఇంట్లో చేట ఉండాదా?" అన్నాను.

"చేటా? చేట యాల నాయనా?"

పక్కనే నిలబడి వింటున్న సుశీల అప్పటికే స్టూలు ఎక్కి అటక మీద చెయ్యి పెట్టింది. నోముల వాయనాలకు తప్ప దించని వెదురు చేట, దుమ్ము దులిపేసరికి కొత్తదానిలా ఉంది. నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు. "మీరు ఊపితే కుక్క ఇల్లిడిసి పోతాది. పదండి, నేనూ వస్తా. మున్నీబీ వచ్చిందాకా ఆన్నే ఉందాం" అని, డబ్బాలోంచి రాగులు కొలవకుండానే సంచిలో పోసుకుంది.

పుంగనూరు దాటాక కండక్టరు మా సీటు దగ్గరికి వచ్చాడు. కిటికీ పక్కన సుశీల, ఆమె ఒళ్లో చేట, చేటలో గాలికి ఎగిరిపడ్డ ఆమె కొంగు చివర. "ఏం పెద్దాయనా, కుప్పంలో చేటలే దొరకవా? ఈణ్ణుంచి మోస్తాండారు?"

"చేటలు దొరుకుతాయప్పా" అన్నాను. "ఊపే మనిషిని తీసకపోతాండా."